గోడ నెమ్ము: ముందు నీటిదారి, తర్వాతే రంగు

దసరాకో సంక్రాంతికో ఇంటికి రంగులు వేయించడం మనకు అలవాటు. హాల్లో గోడ కిందిభాగం ఉబ్బి, పెచ్చులూడి, వేలు ఆనిస్తే పొడి రాలుతుంటే పెయింటర్ ఏం చేస్తాడో తెలిసిందే. ఉబ్బిన చోట గీకుతాడు, లప్పం పెడతాడు, నెమ్మును ఆపుతుందని పేరున్న డబ్బా ఒకటి తెప్పించి రెండు కోటింగులు కొడతాడు. పండక్కి గోడ నున్నగా ఉంటుంది. శ్రావణం వచ్చేసరికి అదే చోట అదే ఉబ్బు. కొన్ని ఇళ్లలో జానెడు పైకి కూడా పాకి ఉంటుంది. పనివాణ్ని తిట్టుకుంటాం, లేదంటే కంపెనీని తిట్టుకుంటాం. నిజానికి జరిగింది ఏమిటంటే, గోడలోకి నీరొచ్చే దారిని అలాగే వదిలేసి, బయటికి పోయే దారిని మూసేశాం.

ఇంటికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం నీరే. గోడలు ఉప్పు పొంగడం, స్లాబు పెచ్చులూడటం, చువ్వలు తుప్పు పట్టడం, అలమారాలో బట్టలకు బూజు, ద్వారబంధాలకు చెదలు, స్విచ్‌బోర్డు ముట్టుకుంటే జివ్వుమనడం అన్నీ దాని ఖాతాలోవే. నీరు గోడకు చేరే దారులు మాత్రం ప్రధానంగా నాలుగే. నేలలోంచి పైకి, డాబా మీంచి కిందికి, గొట్టాల్లోంచి పక్కకు, గాల్లోంచి గోడ మీదికి. ఒక్కోదానికి చికిత్స వేరు. ఏ దారిన వస్తోందో తేల్చుకోకుండా పెట్టే ఖర్చు మళ్లీ మళ్లీ పెట్టాల్సివస్తుంది.

మచ్చ ఎక్కడుందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. గోడ పొడవునా నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తులో, పైఅంచు వంకరటింకరగా గీత గీసినట్టుంటే అది నేల నీరు. సీలింగు మూలల్లో, పిట్టగోడ కిందిభాగంలో, వాన పడ్డాక ముదిరేది డాబా నీరు. వానాకాలం ఎండాకాలం తేడా లేకుండా, బాత్‌రూమును ఆనుకుని ఒకేచోట గుండ్రంగా ఉండేది గొట్టం పని. బీరువా వెనకాల, ఏసీ గది గోడకు అవతలివైపున నల్లచుక్కలుగా కనిపించేది గాలిలోని తేమ.

నేల నీరు పైకెలా పాకుతుంది

నీరు పల్లానికి పోతుందన్నది సామెతల్లోనే కాదు, బడిపాఠాల్లోనూ చదువుకున్నాం. ఇటుక గోడలో అది ఎదురెక్కుతుంది. దీపం వత్తిలో నూనె పైకెక్కే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. సన్నని రంధ్రం గోడలకు నీటి అణువులు అంటుకుంటాయి, ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మొత్తం నీటిస్తంభం పైకి జరుగుతుంది. దీన్ని కేశనాళికీయత అంటారు. రంధ్రం ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తుకు పోతుందని 1718లో జేమ్స్ జురిన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు చూపించాడు. లెక్క వేస్తే, మిల్లీమీటరులో పదోవంతు వ్యాసార్ధమున్న గొట్టంలో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వ్యాసార్ధం మిల్లీమీటరులో వందో వంతైతే సుమారు ఒకటిన్నర మీటర్లు.

ఇటుకలో, మాలులో ఇంతకన్నా సన్నని రంధ్రాలు కోకొల్లలు. ఇల్లు కట్టేందుకు వాడే మామూలు ఇటుక 24 గంటలు నీళ్లలో నానితే తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చుకోవచ్చని భారతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. మూడు కిలోల ఇటుక అరలీటరుకు పైగా నీటిని కడుపులో దాచుకోగలదన్నమాట.

మరి జురిన్ లెక్క ప్రకారం నీరు రెండో అంతస్తు దాకా ఎక్కాలి కదా? ఎక్కదు. పైకెక్కుతున్నకొద్దీ గోడ రెండువైపుల నుంచీ ఆవిరైపోతూ ఉంటుంది. కింద ఎంత వస్తోందో పైన అంత ఆవిరయ్యేచోట ఆగిపోతుంది. మామూలుగా అది మీటరుకు అటూఇటూ. గోడ మీద మనకు కనిపించే వంకర గీత ఈ రెండింటి మధ్య కుదిరిన హద్దు.

ఇప్పుడు ఆ గోడకు నీరు చొరని రంగు కొట్టామనుకోండి. లేదా చాలామంది చేసేట్టు నాలుగడుగుల ఎత్తుదాకా టైల్స్ అంటించామనుకోండి. ఆవిరయ్యే వీలు పోయింది. రావడం మాత్రం ఆగలేదు. హద్దు పైకి జరుగుతుంది. టైల్స్ పైఅంచున కొత్తగా ఉబ్బు మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. హాలు గోడలకు టైల్స్ అంటించి నెమ్ము తగ్గిందని సంబరపడే ఇళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. టైలు వెనక ఏం జరుగుతోందో వాళ్లకు కనిపించదు, అంతే.

ఈ ఎదురెక్కడాన్ని అడ్డుకోవడానికే పునాది పూర్తయి గోడ లేచేచోట, బేస్‌మెంటు మట్టానికి, నీరు చొరని పొర ఒకటి వేస్తారు. దాన్ని డీపీసీ అంటారు. వాటర్‌ప్రూఫింగ్ పొడి కలిపిన రెండంగుళాల కాంక్రీటు కావచ్చు, దానిమీద తారు పూత కావచ్చు. పాత ఇళ్లలో చాలావాటికి ఇది లేదు. కొత్త ఇళ్లలో ఉన్నా పనిచేయకపోవడానికి మన ఊళ్లలో ఒక పెద్ద కారణం ఉంది. వీధిలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు. ఇరవై ఏళ్లలో రోడ్డు లేస్తుంది, దానికి సరిపడా మనం పెరడు పూడ్చుకుంటాం, మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఒక మెట్టు దిగి వెళ్లాల్సివస్తుంది. డీపీసీ పొర మట్టిలో కలిసిపోయింది. దాని పైనున్న గోడకు బయటినుంచి తడిమట్టి ఆనుకుని ఉంది. అడ్డుగోడను పక్కనుంచి దాటేసి వచ్చే నీటిని ఆ పొర ఏం ఆపుతుంది? గోడను ఆనించి పెంచే పూలమడి, గోడ మొదట్లోనే నీళ్లు కుమ్మరించే డాబా గొట్టం, నేలదాకా దింపేసిన బయటి ప్లాస్టరు చేసే పనీ ఇదే.

కాబట్టి మొదటి మందు పారతోనే. గోడను ఆనుకున్న మట్టిని డీపీసీ కన్నా కనీసం జానెడు కిందికి తవ్వేయాలి. వీలైతే రెండడుగుల వెడల్పున నీరు ఇంటికి దూరంగా పోయేట్టు వాటంతో గచ్చు చేయించాలి. డాబా గొట్టాన్ని గోడకు దూరంగా మళ్లించాలి. పూలమడి ఎత్తేయాలి. మట్టి తవ్వడానికయ్యే కూలి ఒక్క డబ్బా పెయింటు ధరను మించదు చాలాచోట్ల. ఇంత చేశాక ఒక వానాకాలం చూడాలి. అప్పటికీ తగ్గకపోతే, లేదా డీపీసీయే లేదని తేలితే, రసాయన పద్ధతి ఉంది. నేలకు కాస్త పైన, ఇటుకల మధ్య మాలు వరసలో, పది పన్నెండు సెంటీమీటర్లకో రంధ్రం చొప్పున చేసి సైలేన్, సిలోక్సేన్ జాతి క్రీమును ఎక్కిస్తారు. ఇది రంధ్రాలను మూసేయదు. రంధ్రం లోపలి గోడలకు నీటిని అంటనివ్వని పూత పూస్తుంది. నీటిని పైకి లాగే అంటుకునే గుణమే పోతే ఎక్కడం ఆగిపోతుంది. చేయితిరిగినవాడు చేస్తే మంచి పద్ధతే. మట్టి తవ్వకుండా ముందే దీనికి దిగడం మాత్రం తొందరపాటు.

ఉప్పు చేసే బీభత్సం

గోడ పాడయ్యేది నీటివల్ల అనుకుంటాం. సగమే నిజం. నీరు మోసుకొచ్చే లవణాలు చేసే చెరుపే ఎక్కువ. నేలలోంచి, ఇటుకమట్టిలోంచి, సిమెంటులోంచి, కట్టుబడికి వాడిన బోరునీళ్లలోంచి లవణాలు కరిగి పైకొస్తాయి. నీరు ఆవిరవుతుంది, అవి ఆవిరి కావు. గోడ పైన పేరుకుంటే తెల్లని బూడిదలా కనిపిస్తుంది. దానివల్ల పెద్ద నష్టం లేదు, పొడిబ్రష్షుతో దులిపితే పోతుంది. ప్లాస్టరు వెనకాల, రంగు కింద పేరుకుంటేనే గోడ చిట్లుతుంది.

ఇందులో అందరికన్నా దుర్మార్గురాలు సోడియం సల్ఫేటు. ఎండాకాలంలో గోడ ఎండినప్పుడు ఇది నీరులేని సన్నని పొడిగా ఉంటుంది. తొలకరి పడి గోడ చల్లబడి తడిసిందంటే, ఒక్కో అణువు పది నీటి అణువులను చేర్చుకుని కొత్త స్ఫటికమవుతుంది. ఘనపరిమాణం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఈ రెండు రూపాల మధ్య హద్దు 32.4 డిగ్రీల సెల్సియస్. మన ఊళ్ల వాతావరణానికి కావాలని కుదిర్చినట్టుంటుంది ఆ అంకె. పగలు 40 డిగ్రీలు, వానపడ్డ రాత్రి 25. గోడలో ఈ మార్పు మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది. ఇటుక రంధ్రంలో ఖాళీ లేనిచోట పెరిగే స్ఫటికం గోడలను నెడుతుంది. ప్లాస్టరు విడిపోతుంది, ఇటుక ముఖం పొట్టుపొట్టుగా రాలుతుంది. లప్పం దీనికి ఏ విధంగానూ అడ్డు కాదు.

వంటల్లో వేసుకునే ఉప్పుది ఇంకో తీరు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడు గాల్లోంచే నీటిని లాక్కుని కరిగిపోతుంది. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో వానాకాలం తేమ ఈ హద్దు దాటని రోజు వెతకాలి. అందుకే సముద్రపు ఇసుకతోనో ఉప్పునీళ్లతోనో కట్టిన ఇంట్లో ఎక్కడా లీకు లేకపోయినా గోడ చెమర్చుతుంది. ప్లంబరు వచ్చి గొట్టాలన్నీ వెతికి ఏమీ లేదంటాడు. అతను చెప్పింది నిజమే.

పశువుల కొట్టం ఆనుకుని ఉన్న పాత గోడల కథ వేరు. మూత్రం, పేడ కుళ్లి తయారయ్యే నైట్రేట్లు ఆ గోడల్లో చేరతాయి. సురేకారం అంటే పొటాషియం నైట్రేటే. ఒకప్పుడు బిహార్‌లో ఇలాంటి మట్టి నుంచి సురేకారం తీసి తుపాకిమందు కోసం ఈస్టిండియా కంపెనీకి అమ్మేవారు. ఇప్పటి మన ఇళ్లలో ఆ కొట్టం స్థానంలో సోక్‌పిట్టు వచ్చింది. గోడకు ఆనించి సోక్‌పిట్టు తవ్విస్తే జరిగేది అదే రసాయనం.

ఉప్పు పట్టిన గోడను నీళ్లతో కడగకూడదు. కడిగితే బయటి ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది. యాసిడ్ అసలు వద్దు. పొడిగా దులిపి, ఉప్పెక్కిన ప్లాస్టరును మచ్చ అంచుకన్నా ఒకటిన్నర అడుగు పైదాకా చెక్కేయాలి. ఆ చెత్తను గోడ పక్కనే పోయకుండా దూరంగా పారబోయించాలి. తర్వాత గోడను వదిలేయాలి. ఇక్కడే మన ఓపిక నశిస్తుంది. తడి గోడ ఆరడానికి అంగుళానికి నెల అనేది అనుభవజ్ఞులు చెప్పే మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు ఎంతో మీరే చూసుకోండి. అంతకాలం గోడను బోసిగా ఉంచలేమనుకుంటే కనీసం ఎండాకాలమైనా ఆరనివ్వాలి.

తాతలనాటి ఇల్లు డంగుసున్నంతో కట్టిందైతే ఒక మాట. దానికి సిమెంటు ప్లాస్టరు చేయించకండి. సున్నపు ప్లాస్టరు మెత్తనిది, ఊపిరాడేది. నీరు దానిలోంచి బయటికి వచ్చేస్తుంది, ఉప్పు దానిలోనే చేరి, అది రాలిపోయి, లోపలి ఇటుకను కాపాడుతుంది. కొన్నేళ్లకోసారి ప్లాస్టరు మార్చుకుంటే గోడ వందేళ్లుంటుంది. గట్టిదని చెప్పి సిమెంటు పూస్తే ఉప్పు ఇటుకలోనే ఉండిపోతుంది, రాలేది ఇటుకే.

కొత్తగా కట్టేవాళ్లు ఇటుకలను కొనేముందే పరీక్షించుకోవచ్చు. లోతైన పళ్లెంలో అంగుళం ఎత్తున స్వేదనజలం పోసి ఇటుకను నిలువుగా నిలబెట్టాలి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. నీరంతా పీల్చుకుని ఆరిపోయాక మళ్లీ అంతే పోసి మళ్లీ ఆరనివ్వాలి. ఇటుక మీద తెల్లని పొర పదిశాతం కన్నా ఎక్కువ జాగాలో రాకపోతే ఫర్వాలేదు. సగానికి మించి తెల్లబడితే ఆ బట్టీ ఇటుక వద్దు. ఇది ప్రమాణాల సంస్థ చెప్పిన పరీక్షే, వంటింట్లో చేసుకోగలిగినది.

డాబా మీద

మన పెద్దలు పైకప్పు విషయంలో మనకన్నా జాగ్రత్తగా ఉండేవారనిపిస్తుంది. రాయలసీమ మట్టిమిద్దెల మీద వానలకు ముందు చవుడు మట్టి పరిచేవారు. చవుడులో సోడియం ఎక్కువ. సోడియం పట్టిన బంకమట్టి తడిస్తే రేణువులు విడివిడిగా చెదిరి, సన్నని రంధ్రాల్లో కూరుకుపోయి నీటిని దిగనివ్వవు. పొలాన్ని చెడగొట్టే గుణమే ఇంటికప్పును కాపాడింది. కోస్తాలో దూలాలమీద ఇటుకలు పేర్చి, పైన సున్నపు కాంక్రీటు పోసి, బెల్లం, కరక్కాయ కలిపిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. మిద్దెకు ఏటా పని ఉంటుందని అందరూ ఒప్పుకునేవారు. ఆర్‌సీసీ స్లాబు వచ్చాక దానికి ఏ పనీ ఉండదనే భ్రమ వచ్చిపడింది.

స్లాబు కదులుతుంది. ఒక్కో డిగ్రీకి కాంక్రీటు తన పొడవులో లక్షోవంతు చొప్పున సాగుతుంది. పది మీటర్ల స్లాబు తెల్లవారుజామున ఉన్నదానికన్నా మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లు సాగినట్టు. రాత్రికి మళ్లీ కుంచించుకుపోతుంది. దానిమీద నిలబడ్డ పిట్టగోడ ఇటుకది, దాని తీరు దానిది. అందుకే పిట్టగోడా స్లాబూ కలిసే మూల ఎప్పుడూ చీలుతుంది. ఎన్నిసార్లు సిమెంటు పూసినా చీలుతుంది. ఆ మూలలో గట్టి సిమెంటు కాకుండా సాగే గుణమున్న సీలెంటు వేసి, పైన గుండ్రంగా గోలా తీయించాలి.

డాబాకు తెల్లని పూత వేస్తే ఇల్లు చల్లగా ఉంటుందని ఇప్పుడు అందరూ అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో 2028 దాకా వర్తించే కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. కరెంటు బిల్లు సంగతి అందరూ చెబుతారు గాని, స్లాబు వేడి తగ్గితే దాని సాగుడు తగ్గుతుందని, చీలికలు తగ్గుతాయని ఎవరూ చెప్పరు. నా దృష్టిలో ఇంటి ఆయుష్షుకు అదే పెద్ద లాభం.

పూతలకన్నా ముందు చూడాల్సింది వాటం. నీరు నిలిచే డాబాను ఏ కెమికలూ కాపాడలేదు. మీటరు పొడవుకు కనీసం సెంటీమీటరు వాలు ఉండాలి. వాన వెలిశాక ఎక్కడెక్కడ నీరు నిలిచిందో సుద్దముక్కతో చుట్టూ గీసిపెట్టుకుంటే మేస్త్రీకి చూపించడానికి పనికొస్తుంది. నీటి తూము నోట్లో ఆకులు అడ్డుపడకుండా జాలీ పెట్టడం, ట్యాంకు పొంగిపొర్లకుండా ఫ్లోట్ వాల్వు సరిచూసుకోవడం గురించి ప్రత్యేకంగా చెప్పేదేముంది.

స్లాబు అడుగున పెచ్చులూడటం మాత్రం వేరే స్థాయి రోగం. మంచి కాంక్రీటు బాగా క్షారగుణం ఉన్నది, దాని పీహెచ్ 12.5 పైనే. ఆ క్షారంలో ఇనుప చువ్వ చుట్టూ కంటికి కనిపించని పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు మెల్లగా లోపలికి చొరబడి కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడును సుద్దగా మారుస్తుంది. పీహెచ్ తొమ్మిది కిందికి దిగుతుంది. ఆ మార్పు చువ్వ దాకా చేరిన రోజు పొర పోతుంది. అక్కడ తేమ కూడా ఉంటే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. దానికి చోటెక్కడిది? కింది కాంక్రీటును నెట్టి పడేస్తుంది.

ఈ చొరబాటుకో లెక్కుంది. లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. ఒక స్లాబులో సెంటీమీటరు లోతుకు పదేళ్లు పట్టిందనుకుంటే రెండు సెంటీమీటర్లకు పట్టేది ఇరవై ఏళ్లు కాదు, నలభై. స్లాబులో చువ్వకింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, అంటే కవరు, ఉండాలని నియమం. స్లాబు పోసేరోజు కవర్ బ్లాకులు పక్కకు జరిగిపోయి, మేస్త్రీలు చువ్వల మీద నడిచి, కవరు పది మిల్లీమీటర్లకు దిగితే చువ్వకున్న రక్షణకాలం సగం కాదు, పావు అవుతుంది. రూపాయి బిళ్ల పరిమాణంలో ఉండే కవర్ బ్లాకుల దగ్గర లెక్క చూసుకోవడం ఎంత పొరపాటో ఇల్లు కట్టేటప్పుడు ఎవరికీ తట్టదు.

కార్బన్ డయాక్సైడు ఎంత లోతుకు చేరిందో చూసే పరీక్ష చాలా తేలిక. ఏసీబీ వాళ్లు లంచం నోట్లకు పూసే ఫినాఫ్తలీన్ గుర్తుందా? సోడా ద్రావణంలో చేతులు ముంచగానే గులాబీరంగు వస్తుందే, అదే. అప్పటికప్పుడు చిప్పు లేపిన కాంక్రీటు మీద దాని ద్రావణం చల్లితే క్షారం మిగిలి ఉన్నచోట గులాబీరంగు వస్తుంది, చచ్చిపోయినచోట రంగు రాదు. రంగురాని భాగం చువ్వదాకా ఉంటే ఆ స్లాబుకు వైద్యం ఆలస్యం చేయకూడదు. ఇంజినీరు కోసం ఎదురుచూసేలోపు మీరు చేయగలిగింది, చీపురుకర్ర వెనకవైపుతో సీలింగును అక్కడక్కడా తట్టి చూడటం. గట్టిచోట టక్కుమంటుంది, లోపల విడిపోయినచోట డొల్లగా మోగుతుంది. డొల్ల మోగినచోట కింద నిలబడి తట్టకండి, పక్కనుంచి తట్టండి.

పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి సున్నం వేస్తే సరిపోదు. విడిపోయిన కాంక్రీటంతా చువ్వ చుట్టూ, వెనకవైపు కూడా చెక్కాలి. తుప్పును వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దాలి. చువ్వకు జింకు ప్రైమరు, పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు, ఆపైన పాలిమర్ కలిపిన మాలు. చువ్వను తుప్పు బాగా తినేస్తే కొత్త చువ్వ జతచేయాలి. పైనుంచి నీరు దిగే దారి మూయకుండా ఇదంతా చేయించినా డబ్బు దండగ.

గొట్టాలు, గాలి

బాత్‌రూము లీకులు అపార్టుమెంట్లలో పైఇంటికీ కిందింటికీ మధ్య పెద్ద తగాదాలవుతాయి. తగాదాకు ముందు ఒక పరీక్ష చేసుకుంటే మంచిది. నహానీ ట్రాపు నోరు గుడ్డతో బిగించి, బాత్‌రూములో అంగుళం ఎత్తున నీళ్లు నింపి, మిఠాయిరంగు కలిపి ఒక రోజు వదిలేయాలి. కింద రంగుమరక వస్తే నేలదో ట్రాపు అంచుదో లోపం. మట్టం తగ్గకుండా, కింద మాత్రం మామూలు నీరు కారుతూనే ఉంటే గొట్టానిది. గొట్టాన్ని తేల్చడానికి రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి ట్యాంకు నీటిమట్టానికి గుర్తు పెట్టండి. పొద్దున్నే ఎవరూ కుళాయి తిప్పకముందు చూడండి. సెకనుకో చుక్క లీకైనా రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది, అయినా అంత పెద్ద ట్యాంకులో అది తెలియదు. మట్టం కొట్టొచ్చినట్టు దిగితే మాత్రం సందేహమే లేదు.

గోడ మీది తేమ లోపలినుంచా గాల్లోంచా అని తేల్చడానికి పాలిథిన్ షీటు చాలు. అడుగున్నర చదరం ముక్కను మచ్చమీద నాలుగువైపులా టేపుతో గాలిచొరకుండా అంటించి ఒకట్రెండు రోజులు ఉంచాలి. షీటుకు గోడవైపు చుక్కలు పడితే నీరు గోడలోంచి వస్తోంది. గదివైపు చుక్కలు పడి గోడవైపు పొడిగా ఉంటే గాలి తేమ. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో గాలి 26 డిగ్రీలున్న ఉపరితలాన్ని తాకినా మంచు పడుతుంది. ఏసీని 20లో పెట్టుకుని పడుకుంటే అవతలివైపు గోడ చెమర్చడంలో వింతేమీ లేదు. ఏసీని 25, 26లో ఉంచడం, బీరువాను గోడకు నాలుగంగుళాలు జరపడం, వంటింట్లో ఆవిరిని బయటికి పంపే ఫ్యాను పెట్టడం చాలు. దీనికి వాటర్‌ప్రూఫింగ్ వాళ్లను పిలిచి వేలు పోయడం అనవసరం.

నెమ్మెక్కిన గోడలో స్విచ్‌బోర్డు ఉంటే అన్నిటికన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మెయిన్‌లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. నెమ్ము వల్ల కరెంటు గోడలోకి పారితే మామూలు ఎంసీబీ పడదు. ఆర్‌సీసీబీ పడుతుంది. దానిమీదున్న పరీక్ష మీట నెలకోసారైనా నొక్కి చూడాలి.

ఇక పనుల వరస. నీటిదారి తేల్చుకోవడం వానల్లో చేయాలి, అప్పుడే అది కనిపిస్తుంది. మట్టి తవ్వడం, డాబా వాటం, పిట్టగోడ మూలలు శీతాకాలంలో. ఉప్పెక్కిన ప్లాస్టరు చెక్కడం మాఘమాసంలో, గోడను వైశాఖందాకా ఆరనిచ్చి ప్లాస్టరు. రంగు ఆ తర్వాతే, అదీ లోపలి గోడకు ఆవిరిని బయటికి పోనిచ్చే రకం. పండగ తేదీ చూసుకుని వేసే రంగు ఈ వరసలో ఎక్కడా ఇమడదు. ఆ ఒక్క సంవత్సరం పాతగోడతోనే పండగ చేసుకోండి.

ఒక్కదానికి మాత్రం ఈ ఓపిక పనికిరాదు. సీలింగులో తుప్పుపట్టిన చువ్వ కనిపిస్తున్నా, బీముకు గాని స్తంభానికి గాని చువ్వ పొడవునా చీలిక వచ్చినా, వచ్చే వానదాకా ఆగొద్దు. దానికింద మంచం, ఊయల, పిల్లల బల్ల ఏవున్నా ఈరోజే జరిపి, మేస్త్రీని కాకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి.